గోధుమ రొట్టె, మన కడుపు, మన బరువు
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యము గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గము వారు మమ్ములను కోరినారు. గుండె, షుగరు, బి.పి. వంటి పెద్ద విషయములు చాలా ఉన్నవి. మేము మాత్రము మన ఇండ్లలో రోజూ తగవు పెట్టుచున్న ఒక చిన్న విషయమును ఎంచుకున్నాము. అది గోధుమ రొట్టె. రొట్టె గురించి ప్రసంగమేమిటని నవ్వవచ్చు. కాని ఈ రొట్టె దగ్గర మన కుటుంబములు రెండుగా చీలి ఉన్నవి.

ఒక వర్గము వారిని అడగండి. "రాత్రిపూట అన్నం మానేసినాం, చపాతీలే తింటా ఉండాం. షుగరుకూ మంచిది, పొట్టా తగ్గుతుంది" అంటారు. వీరి లెక్కలో గోధుమ ఆహారము కాదు, మందు. రెండవ వర్గము ఈ మధ్య బయలుదేరింది. సెల్‌ఫోనులో ఏదో చూసి "గోధుమలో గ్లూటెన్ అని విషముందంట, పేగులు అతుక్కుపోతాయంట, పొట్ట దానివల్లనే వస్తుందంట" అంటారు. ఒకే వంటింట్లో అత్తగారు మొదటి పార్టీ, కోడలు రెండవ పార్టీ. మధ్యలో పెనము మీద రొట్టె మాడిపోతుంది.

ఈ రెండు మాటలలో నిజమెంత? గోధుమ నిజముగానే ఎవరికి పడదు? ఆ పడనివారిని గుర్తించుట ఎట్లు? ఇది తెలియక పోవడము వలన కొన్ని ఇండ్లలో పిల్లలు ఏండ్ల తరబడి ఎదుగుదల లేక నలిగిపోవుచున్నారు. అందుచేతనే ఈ విషయము మీ ముందుంచుచున్నాము.

మన పళ్ళెములోనికి గోధుమ వచ్చిన దారి

మన పాత చిత్తూరు జిల్లా గోధుమ దేశము కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు చూసినా, పీలేరు, వాయల్పాడు వైపు చూసినా మన తాతలు తిన్నది రాగి సంగటి, జొన్న రొట్టె, సజ్జ, కొర్ర, వరి పండిన చోట వరి. పొద్దున అంబలి, మధ్యాహ్నము సంగటి, దానిలోకి చెనిక్కాయల ఊరిబిండో, పితికిపప్పో. గోధుమ అనేది పండుగకో, చుట్టము వచ్చినప్పుడో కనిపించేది.

మన ముస్లిం ఇండ్లలో మాత్రము గోధుమకు కొంచెము ఎక్కువ చనువు ఉండేది. ఈద్ నాడు షీర్ ఖుర్మాలో సేమియా గోధుమదే. హలీములో దంచి వేసేది గోధుమలే. రంజాను చివర మనం తీసే ఫిత్రాకు కూడా ఎక్కువ మంది గోధుమల ధరనే లెక్క కట్టుకుంటారు. అయితే పండుగకు తినడము వేరు, పూటపూటా తినడము వేరు.

ఆ మార్పు దేశము మొత్తము మీద ఎట్లా వచ్చిందో చూడండి. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందము కుదిరిన తరువాత ఓడల మీద గోధుమలు దిగినవి. 1966లో మెక్సికో నుండి 18 వేల టన్నుల గోధుమ విత్తనము తెప్పించి పంజాబు మొదలైన చోట్ల చల్లినారు. దానినే హరిత విప్లవము అన్నారు. ఈనాడు దేశములో ఏటా 11 కోట్ల టన్నులకు పైగా గోధుమ పండుచున్నది. మన రాష్ట్రములో 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చి సంగటి స్థానములో అన్నము కూర్చున్నది. ఆ తరువాత సందు సందుకూ పరోటా అంగడి, బేకరీ, బిస్కెట్టు పొట్లము వచ్చినవి. షుగరు జబ్బు పెరిగి, రాత్రిపూట చపాతీ ఇంటింటికీ వచ్చింది. ఈ విధముగా రెండు మూడు తరములలో మన కడుపులు కొత్త ధాన్యమునకు అలవాటు పడవలసి వచ్చినవి.

గ్లూటెన్ అంటే ఏమిటి?

ఇది తెలుసుకొనుటకు లాబొరేటరీ అక్కరలేదు, మన వంటిల్లు చాలు. చపాతీ పిండి గట్టిగా కలిపి ఒక ఉండ తీసుకోండి. ఒక గిన్నె నీళ్ళలో దానిని పిసుకుతూ కడగండి. నీళ్ళు పాలవలె తెల్లబడతాయి. అది పిండి పదార్థము. నీళ్ళు మార్చి మార్చి కడిగితే చివరకు చేతిలో రబ్బరు వలె సాగే జిగురు ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. ఇటలీలోని బొలోనా నగరపు పండితుడు బెకారి ఈ పనే చేసి 1745లో ప్రకటించినాడు.

గ్లూటెన్ అనేది ఒక రకము మాంసకృత్తు, అనగా ప్రొటీను. గోధుమలో, బార్లీలో, రై అనే చలిదేశపు ధాన్యములో ఈ జాతి ప్రొటీనులు ఉంటాయి. పరోటా పొరలు పొరలుగా సాగేది, బన్ను పొంగేది దీని చలువ వలననే. రాగి పిండితో పరోటా ఎందుకు రాదు? దానిలో ఈ జిగురు లేదు గనుక. బియ్యము, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, పప్పులు వీటిలో వేటిలోనూ గోధుమ గ్లూటెన్ లేదు.

ఈ ప్రొటీనుకు ఒక గుణమున్నది. మన కడుపులోని రసములు మిగతా ప్రొటీనులను ముక్కలు ముక్కలుగా కత్తిరించినట్లు దీనిని పూర్తిగా కత్తిరించలేవు. కొన్ని పెద్ద ముక్కలు మిగిలిపోతాయి. భయపడకండి. వందలో తొంభై తొమ్మిది మందికి ఆ ముక్కల వలన ఏ హానీ లేదు. అవి వచ్చిన దారిన పోతాయి. పేగులు అతుక్కుపోవడము, జిగురు పేరుకుపోవడము అన్నవి వట్టి మాటలు. గిన్నెలో కనిపించిన రబ్బరు ముద్ద పేగులో ఆ రూపముతో ఉండదు.

బరువు లెక్క

ఇప్పుడు బరువు సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆహార పదార్థములను పరీక్షించి 2017లో పట్టికలు అచ్చు వేసినది. వాటి ప్రకారము 100 గ్రాముల గోధుమ పిండిలో సుమారు 320 కేలరీలు, పాలిష్ బియ్యములో సుమారు 356, రాగులలో సుమారు 320, మైదాలో సుమారు 352 ఉన్నవి. చూడండి, అన్నీ అన్నదమ్ముల వలె దగ్గర దగ్గరగానే ఉన్నవి.

ఒక చపాతీకి 30 గ్రాముల పిండి అనుకుందాము. నాలుగు చపాతీలకు 120 గ్రాములు. అనగా 384 కేలరీలు. అదే 120 గ్రాముల బియ్యము వండితే 427. చపాతీది కొంచెము తక్కువే. కాని మన ఇండ్లలో చపాతీ ఉత్త పెనము మీద దిగుతుందా? ఒక్కొక్క దానికి ఒక టీ చెంచా నూనె అనుకున్నా నాలుగింటికి 20 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు. 180 కలిసింది. మొత్తము 564. అన్నము మానేసి పొట్ట తగ్గించుకోవాలనుకున్న పెద్దమనిషి అన్నము కంటే ఎక్కువే తిని లేచినాడు! పరోటా సంగతి చెప్పనే అక్కరలేదు. మైదా, నూనె రెండూ దానిలో పోటీ పడతాయి.

కాబట్టి చపాతీ మందు కాదు. దానిలోని మంచి ఏమంటే, పొట్టు తీయని గోధుమ పిండిలో 100 గ్రాములకు 11 గ్రాములకు పైగా పీచు ఉన్నది. పాలిష్ బియ్యములో 3 గ్రాములు కూడా లేదు. పీచు ఉంటే కడుపు నిండినట్లుంటుంది, మలబద్ధకము తగ్గుతుంది, నెత్తురులో చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. అయితే ఆ పీచు మైదాలో లేదు, మూడు గ్రాముల లోపే. అదే పీచు మన రాగులలో కూడా 11 గ్రాములున్నది. పైగా రాగిలో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది, గోధుమ పిండిలో 31 మాత్రమే. అనగా మన దాదీమా ముద్ద ముద్దగా మింగిన సంగటి ఏ చపాతీకీ తీసిపోదు. అయితే సంగటి అయినా ఒక ముద్దకు రెండు ముద్దలు తింటే బరువు పెరగక మానదు.

మరి గోధుమ మానేసి బరువు తగ్గినామని చెప్పేవారున్నారు గదా? ఉన్నారు. 2011లో అమెరికాలో విలియం డేవిస్ అనే డాక్టరు "వీట్ బెల్లీ" అనే పుస్తకము వ్రాసి, పొట్టకు గోధుమే కారణమన్నాడు. ఆ పుస్తకము బాగా అమ్ముడుపోయింది. కాని ఆలోచించండి. గోధుమ మానేసిన మనిషి పరోటా, సమోసా, పఫ్, కేకు, బన్ను, బిస్కెట్టు, డబల్ కా మీఠా అన్నీ మానినట్లే గదా. నూనె తగ్గింది, చక్కెర తగ్గింది, బరువు తగ్గింది. పుణ్యము మాత్రము గ్లూటెన్ మానినందుకు కట్టబెట్టినారు. అంగట్లో ఎక్కువ ధరకు అమ్మే "గ్లూటెన్ లేని" బిస్కెట్టులో కూడా చక్కెర, కొవ్వు ఉండనే ఉంటాయి. జబ్బు లేనివారు దానిని కొని తిన్నంత మాత్రాన సన్నబడరు.

మరొక మాట కూడా వింటున్నాము. "ఇప్పటి గోధుమ వెనుకటి గోధుమ కాదు, గ్లూటెన్ ఎక్కువ పెట్టి పుట్టించినారు" అని. జర్మనీలో 1891 నుండి 2010 వరకు సాగులో ఉన్న 60 రకముల గోధుమలను పండించి చూసినారు. గ్లూటెన్ మొత్తము పెద్దగా మారలేదు. అమెరికాలో కూడా గత శతాబ్దములో అది పెరిగినట్లు రుజువు దొరకలేదు. "సాంబా గోధుమ" మంచిదని అమ్ముతారు. పీచు మాట ఎట్లున్నా దానిలో కూడా గ్లూటెన్ ఉన్నది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుకు అవసరము వస్తుంది.

నిజముగా గోధుమ పడనివారు

ఇంతవరకు గోధుమ తరఫున వకాల్తా పుచ్చుకున్నాము. ఇక రెండవ పక్షము.

మన చిన్న పేగు లోపలి గోడ మఖ్మల్ గుడ్డ వలె ఉంటుంది. సన్నని నూగు వంటి వేళ్ళు కోట్ల సంఖ్యలో నిలిచి ఉండి, తిన్నదానిలోని సారమును పీల్చి నెత్తురుకు అందిస్తవి. కొందరిలో గ్లూటెన్ ముక్కలను చూడగానే ఒంటిలోని రక్షక బలగము శత్రువు వచ్చినాడని పొరబడి, తన పేగు గోడ మీదనే దాడి చేస్తుంది. మఖ్మల్ అరిగి గోనెపట్ట అవుతుంది. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీనినే సీలియాక్ వ్యాధి అంటారు. ఇది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు. చేసిన పాపము కాదు. కొన్ని జన్యువులు ఉన్నవారికి మాత్రమే వస్తుంది.

దీని చరిత్ర తెలుసుకోదగినది. 1888లో లండను డాక్టరు శామ్యూల్ జీ పిల్లలలోని ఈ జబ్బును వివరించి, దీనికి ఆహారములోనే మందు ఉండాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు పిల్లలకు అరటిపండ్ల పథ్యము పెట్టి రొట్టె మాన్పించినాడు. పిల్లలు కోలుకున్నారు. అందరూ అరటిపండును మెచ్చుకున్నారు. నిజానికి మేలు చేసింది అరటిపండు పెట్టడము కాదు, రొట్టె మానడము. హాలెండులో డికె అనే పిల్లల డాక్టరుకు రొట్టె మీద ముందే అనుమానముండెను. రెండవ ప్రపంచ యుద్ధములో 1944-45 చలికాలమున అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోవుచుండగా ఈ జబ్బు పిల్లలు మాత్రము తేరుకున్నారు. రొట్టె మరల రాగానే మరల పడిపోయినారు. డికె పరిశోధన చేసి 1950లో గోధుమే కారణమని నిరూపించినాడు. అంతకు ముందు ఎందరు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారో!

ఈ వ్యాధి లక్షణములు ఇవి. పిల్లలలో గోధుమ తినడము మొదలుపెట్టిన కొన్నాళ్ళకు విరేచనములు, పొట్ట ఉబ్బి కాళ్ళు చేతులు సన్నబడటము, చికాకు, ఎత్తు పెరగక పోవడము. పెద్దలలో కడుపు ఉబ్బరము, నీళ్ళ విరేచనము లేదా మలబద్ధకము, నోటిలో మాటిమాటికీ పుండ్లు, ఎంత టానిక్ తాగినా తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, కొందరు స్త్రీలలో సంతానము నిలవక పోవడము. కొందరికి మోచేతుల మీద, మోకాళ్ళ మీద విపరీతమైన దురదతో పొక్కులు వస్తాయి. జబ్బు ఉన్నవారంతా సన్నగానే ఉంటారని అనుకోకండి. మామూలు బరువు ఉన్నవారిలో, లావుపాటి వారిలో కూడా బయటపడుతుంది.

వేలూరు చెప్పిన సంగతి

"ఇదంతా దొరల జబ్బు, మనకెందుకు?" అనవచ్చు. మన చిత్తూరు వారికి కడుపు నొప్పి వచ్చినా గుండె నొప్పి వచ్చినా కొండ దిగి పోయే ఊరు వేలూరు. ఆ వేలూరు ప్రాంతమును కూడా కలుపుకొని దేశములో మూడు దిక్కులలో 23 వేల మందికి పైగా పెద్దవారి నెత్తురు పరీక్షించి, 2016లో ఫలితములు ప్రకటించినారు. ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, మన దక్షిణాదిన 0.10 మందికి ఈ జబ్బు ఉన్నట్లు తేలింది. అనగా ఉత్తరాదిన వెయ్యి మందిలో పన్నెండు మంది, మన వైపు వెయ్యి మందిలో ఒకరు.

వారు తినే గోధుమ కూడా లెక్క వేసినారు. ఉత్తరాదిన రోజుకు మనిషికి 455 గ్రాములు, ఈశాన్యమున 37, మన వైపు 25 గ్రాములు. మరి జన్యువుల మాట? ఈ జబ్బుకు వీలు కల్పించే జన్యువులు ఉత్తరాదిన నూటికి 38 మందిలో, ఈశాన్యమున 31 మందిలో, మన దక్షిణాదిన 36 మందిలో ఉన్నవి. అనగా విత్తనము మన ఒంటిలోనూ దాదాపు అంతే ఉన్నది. నీరు తగలలేదు, అంతే. ఈశాన్యము వారు తక్కువ గోధుమ తిన్నా జబ్బు ఎక్కువే ఉన్నది గనుక గోధుమ కొలత ఒక్కటే కారణము కాదు. అయినా ఇరవై ఐదు గ్రాములు తిన్న నాటి లెక్క, పొద్దున ఉప్మా, సాయంత్రము పఫ్, రాత్రి చపాతీ తినే నేటి పిల్లలకు అట్లే ఉంటుందని ధీమాగా కూర్చోరాదు. వెయ్యికి ఒకరన్నా, పది వేల గడప ఉన్న పట్టణములో ఎందరో లెక్క వేసుకోండి. వారిలో చాలామందికి తమ జబ్బు పేరే తెలియదు. "మా పాప బక్కది, తిండి పట్టదు" అని నులిపురుగుల మాత్రలు, ఇనుము టానిక్కులు, తావీజులు మార్చుకుంటూ ఏండ్లు గడుపుతారు. పెండ్లి చూపులనాటికి ఆ పిల్ల నెత్తురు లేక పాలిపోయి ఉంటుంది. పరీక్ష చేయిస్తే తేలిపోయే విషయము గనుకనే మా బాధ.

గోధుమ తిన్న తరువాత ఉబ్బరమంతా సీలియాక్ కాదు

ఇది కూడా చెప్పి తీరాలి. కొందరికి గోధుమ అలర్జీ ఉంటుంది. తిన్న కొద్దిసేపట్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసము వస్తాయి. అది వేరే జబ్బు, అత్యవసరము కూడా. మరికొందరికి సీలియాక్ లేదు, అలర్జీ లేదు, అయినా గోధుమ తింటే కడుపు ఉబ్బుతుంది. నార్వేలో అటువంటి వారిని 59 మందిని తీసుకొని, వారికి తెలియకుండా ఒక వారము గ్లూటెన్, ఒక వారము ఫ్రక్టాన్ అనే ఒక రకపు పిండి పదార్థము, ఒక వారము రెండూ లేని తినుబండారము పెట్టి చూసినారు. 2018లో ప్రకటించిన ఫలితము ఏమంటే, ఎక్కువ బాధ పెట్టింది ఫ్రక్టాన్, గ్లూటెన్ కాదు. ఈ ఫ్రక్టాన్ గోధుమలో ఉన్నది. ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉన్నది. పరోటాతో పాటు కుర్మా తిని ఉబ్బరము వస్తే నేరము పరోటాదో కుర్మాదో చెప్పడము కష్టమే!

పాల మాట కూడా మరువరాదు. పెద్దయిన తరువాత పాలు సరిగా అరగని వారు ఉత్తరాది కంటే దక్షిణాదిన ఎక్కువ. ఈద్ నాడు నాలుగు ఇండ్లలో షీర్ ఖుర్మా తాగి కడుపు గడబిడ అయితే సేమియాను తిట్టే ముందు పాలను కూడా అనుమానించండి. దినమంతా రోజా ఉండి మగ్రిబ్ కాగానే సమోసాలు, పకోడీలు, హలీము ఒకదాని మీద ఒకటి తోసిన కడుపు మొరాయిస్తే తప్పు ఏ ధాన్యానిదీ కాదు.

పరీక్షకు ముందు రొట్టె మానకండి

సోదరీమణులారా, ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకొని పోతే చాలును. అనుమానము వచ్చిన వెంటనే గోధుమ మానేయకండి. ముందు పరీక్ష, తరువాత పథ్యము.

ఎందుకంటే, ఈ వ్యాధికి చేసే నెత్తురు పరీక్ష గ్లూటెన్ మీద ఒంటిలో లేచిన ప్రతిక్రియను పట్టుకొనేది. దాని పేరు టి.టి.జి. పరీక్ష. డాక్టర్లు సాధారణముగా దానితో పాటు మొత్తము ఐ.జి.ఎ. కూడా చూస్తారు. అది తేడాగా వస్తే నోటి ద్వారా గొట్టము వేసి చిన్న పేగు నుండి చిన్న తునకలు తీసి పరీక్షిస్తారు. మీరు ముందే గోధుమ మానితే ప్రతిక్రియ అణగిపోయి, పేగు మానుకొని, పరీక్షలో ఏమీ లేదని వస్తుంది. జబ్బు ఉన్నదో లేదో తేలదు. తేల్చుకోవాలంటే డాక్టరు పర్యవేక్షణలో మరల కొన్ని వారములు గోధుమ తిని బాధ పడవలసి వస్తుంది.

తేలితే ఏమి, తేలకపోతే ఏమి అనవచ్చు. జబ్బు ఉన్నవారికి పథ్యము జీవితాంతము, కడ్డాయము. నెలకొకసారి రుచి చూసినా నష్టమే. జబ్బు లేనివారికి ఆ జైలు అవసరము లేదు. ఇంకొక సంగతి. ఒకరికి ఉన్నదని తేలితే తల్లి, తండ్రి, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. వారిలో పది మందిలో ఒకరి వరకు ఉండవచ్చును. చిన్ననాటి నుండి ఇన్సులిన్ మీద ఉన్నవారికి, కొన్ని రకముల థైరాయిడ్ జబ్బులు ఉన్నవారికి కూడా అవకాశము ఎక్కువ.

జబ్బు ఉన్నవారి వంటిల్లు

ఈ జబ్బుకు మాత్ర లేదు, సూది లేదు. పథ్యమే మందు. పంజాబులో ఈ జబ్బు వస్తే ఇంటి తిండే తలక్రిందులు అవుతుంది. రాయలసీమలో వస్తే మన తాతల తిండికి తిరిగి పోవడమే! అన్నము, రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నము, ఇడ్లీ, దోసె, పప్పు, కూరలు, మాంసము, చేపలు, గ్రుడ్లు, పండ్లు అన్నీ తినవచ్చును. బిరియానీకి అడ్డు లేదు.

మానవలసినవి గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, బ్రెడ్డు, రస్కు, బిస్కెట్టు, బార్లీ నీళ్ళు. బార్లీతో కాచే తల్బీనా ఇతరులకు మంచిదే అయినా వీరికి పనికిరాదు. కంటికి కనిపించని గోధుమ కూడా ఉన్నది. అంగట్లో దొరికే కూటు ఇంగువలో తరచుగా గోధుమ పిండి కలుపుతారు. డబ్బా మీద చదివి కొనండి. సోయా సాసులో గోధుమ ఉంటుంది. రాగులు ఆడించే మిషనులోనే అంతకు ముందు గోధుమలు ఆడించి ఉంటే ఆ పిండి కలుస్తుంది. కాబట్టి ఇంట్లో చిన్న మిక్సీలో ఆడించుకోవడము గాని, మిషను శుభ్రము చేయించి మొదటి పిండి తీసివేయడము గాని చేయాలి. చపాతీ పెనము, పిండి జల్లెడ వేరుగా ఉంచాలి. పొట్లము మీద "గ్లూటెన్ లేనిది" అని వ్రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు చట్టము.

రంజానులో ఏమి చేయాలి? సహరీలో అన్నము, సంగటి. ఇఫ్తారులో ఖర్జూరము, పండ్లు, శనగ గుగ్గిళ్ళు, గోధుమ రవ్వ కలపని బియ్యపు గంజి. హలీము బదులు ఖీమా కిచిడీ. షీర్ ఖుర్మా బియ్యపు సేమియాతో చేయవచ్చును. జబ్బు బాగా ముదిరి నీరసించిన వారు రోజా విషయము డాక్టరును, ఆలిమును ఇద్దరినీ అడిగి నడుచుకోవాలి. అనారోగ్యవంతునికి వెసులుబాటు ఇచ్చిన ధర్మము మనది.

సరిగా పథ్యము పాటిస్తే పిల్లలలో కొద్ది నెలలకే మార్పు కనిపిస్తుంది. పెద్దలలో పేగు మానడానికి ఏడాది రెండేండ్లు పట్టవచ్చును. తిన్నది ఒంటికి పట్టడము మొదలవుతుంది గనుక బరువు కూడా పెరుగుతారు. అప్పుడు మరల నూనె, చక్కెర లెక్క చూసుకోవాలి.

సంఘమునకు మా మనవి

పథ్యము పాటించేవారికి కష్టము వంటింట్లో కాదు, నలుగురిలో. వలీమాకు పోతే "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది, బేటా?" అని పెద్దవారు ప్రేమతో బలవంతము చేస్తారు. కొత్త కోడలు రొట్టె వద్దంటే "మా ఇంటి తిండి ఆనడం లేదా?" అంటారు. ఆ భయముతోనే ఆడపిల్లల జబ్బును దాచి పెండ్లి చేసే తల్లిదండ్రులున్నారు. దాచిన జబ్బు దాగదు, ముదురుతుంది. పళ్ళెములో రొట్టె బదులు అన్నము పెడితే పోయే చిక్కునకు ఒక సంబంధమును తిరగగొట్టడము తగునా? పెద్దలు ఆలోచించండి.

సంఘము వారికి మూడు మనవులు చేయుచున్నాము. మన వైద్య శిబిరములలో ఎదుగుదల లేని పిల్లలను, ఎన్నాళ్ళకూ తగ్గని రక్తహీనత ఉన్న ఆడపిల్లలను విడిగా గుర్తించి, తిరుపతి గాని వేలూరు గాని పెద్ద ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయండి. ఆ పరీక్షకు డబ్బు లేని వారికి సంఘ నిధి నుండి సాయము చేయండి. సామూహిక ఇఫ్తారులలో, విందులలో గోధుమ లేని వంటకము ఒకటి వేరే గరిటెతో, వేరే గిన్నెలో ఉంచండి.

ఇక జబ్బు లేని మనందరికీ చెప్పేది క్లుప్తముగా ఇది. గోధుమ విషము కాదు, మందూ కాదు. అది అల్లాహ్ ఇచ్చిన నియామతులలో ఒకటి. రాగి, జొన్న, వరి కూడా ఆయన ఇచ్చినవే. పొట్టు తీయని పిండి వాడండి, మైదా తగ్గించండి, నూనె చెంచాలు లెక్క పెట్టండి, వారములో రెండు మూడు పూటలన్నా సంగటికి చోటివ్వండి, పొద్దున ఫజ్ర్ తరువాత కాస్త నడవండి. పొట్టను పెంచేది ధాన్యము పేరు కాదు, మన కొలత.

 మీ అందరికీ అల్లాహ్ ఆరోగ్యము ప్రసాదించు గాక.

ఖుదా హాఫిజ్.